శింగనమల రైతు - అప్పు కార్డు

జీతగాండ్రకు నెల తిరుగగనే జీతము వచ్చును. శింగనమల వేరుసెనగ రైతునకు ఏటికొకమారు, అదియు వరుణుడు కరుణించినప్పుడు, ఆశ్వయుజ కార్తీకములు దాటిన పిదప డబ్బు కంటబడును. ఈ ఇరువురకును ఒకే కార్డును అంటగట్టు వ్యాపారము నేడు అనంతపురము వీథులను దాటి పల్లెలకు ప్రాకినది. రైతుల చేతి ఫోనులలో సయితము "మీకు కార్డు మంజూరైనది" అను సందేశములు మ్రోగుచున్నవి. మీ ఖర్చులకు తగిన కార్డును ఎన్నుకొనుడని ప్రకటనలు హితవు చెప్పుచున్నవి. హితవు చెడ్డది కాదు. కాని మెట్ట రైతునకది చాలదు. అతడు మొదట చూడవలసినది తన ఖర్చు కాదు, డబ్బు తన చేతికి వచ్చు కాలము.

క్రెడిట్ కార్డు ఆంధ్రులకు క్రొత్త కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే దీనిని ప్రవేశపెట్టి దేశమున ముందు నడచిన బ్యాంకులలో నొకటియయ్యెను. (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోవుట మాకిప్పటికిని మనసున నొచ్చుచునే యున్నది.) బిల్లు మొత్తమును గడువులోపల కట్టువానికి ఈ కార్డు సుమారు 20 మొదలు 50 దినముల వఱకు వడ్డీలేని బదులు. దినమును అనంతపురము పోయివచ్చు ఉపాధ్యాయుడు పెట్రోలుపై తగ్గింపు నిచ్చు కార్డును తీసికొని, ఏటి రుసుమునకంటె తగ్గింపు ఎక్కువయగునా యని లెక్కచూచుకొని వాడుకొనవచ్చును. అందు మాకు ఆక్షేపణ లేదు.

గడువు తప్పిననాడు కథ మాఱును. పెక్కు కార్డులపై వడ్డీ నెలకు నూటికి మూడు, మూడున్నర రూపాయలు. బిల్లుపై ముద్రించిన "కనీస మొత్తము" కట్టినచో అప్పు తీరినట్లు తోచును; నిజమునకు మిగిలినదానిపై వడ్డీ పెరుగుచునే యుండును. ఏ.టి.యం.లో నగదు తీసినచో మొదటి దినమునుండియే వడ్డీ. జూన్ మాసమున విత్తనములకును ఎరువులకును 30,000 రూపాయలు ఇట్టి కార్డుపై వాడిన రైతు నవంబరు వఱకు తీర్చజాలడు. నెలకు మూడున్నర చొప్పున అయిదు నెలలకు వడ్డీయే 5,250 రూపాయలు. ఆలస్యపు రుసుములు వేఱు. నూటికి రెండు రూపాయల వడ్డీ గుంజు షావుకారును తరతరములుగ నిందించుచు వచ్చితిమి. ఈ నాగరక షావుకారు అతనిని మించెను! అనంతపురము మదరాసు రాజధానిలో నుండిన 1938లో ప్రభుత్వము రైతుల ఋణభారమును తగ్గించుటకు ప్రత్యేక శాసనమే చేసినది. నేడో, కార్డులపై ఏటికి నూటికి 30 మించరాదని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసినది.

రైతు కాలమును గుర్తించి చేసిన కార్డు ఒకటి కలదు. అది 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు. ఏ పైరునకు ఎకరమునకెంత పెట్టుబడియో జిల్లా సంఘము నిర్ణయించును. దానిని రైతు వేయు ఎకరములతో హెచ్చించి, ఇంటి ఖర్చులకును కోత యనంతరపు ఖర్చులకును నూటికి పది, పనిముట్ల మరమ్మతులు మొదలగువానికి నూటికి ఇరువది కలిపి పరిమితి కట్టుదురు. పంట వచ్చి అమ్ముడుపోవు వేళను చూచి గడువు పెట్టుదురు. మూడు లక్షల వఱకు వడ్డీ ఏటికి నూటికి ఏడు. గడువులోపల కట్టినచో మూడు రూపాయల తగ్గింపు పోగా నాలుగే. పైని చెప్పిన 30,000 లకే అయిదు నెలల వడ్డీ 500 రూపాయలు. 2025 జనవరి 1 నుండి రెండు లక్షల వఱకు తాకట్టును అడుగరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించినది.

అయినను ఇందును ఒక గోతి కలదు. ఏటేటా అప్పు తిరగవ్రాయుటకై రైతు రెండుమూడు దినములకు బయట హెచ్చు వడ్డీకి తెచ్చి బ్యాంకులో కట్టి, మరల తీసి, ఆ అప్పు తీర్చుచున్నాడు. నాలుగు రూపాయల వడ్డీలోని లాభము కొంత ఆ రెండు దినములలోనే హరించుచున్నది. ఏటికి 550 మిల్లీమీటర్ల వానయే గతియైన జిల్లాలో, పైరెండిన యేటనైనను బ్యాంకులు ఈ తంతును బలవంతపెట్టక గడువు పొడిగింపవలెను.

ఇంతకంటె పెద్ద అన్యాయము గుత్తకు దున్నువానిది. విత్తనము వాడు కొనును, ఎండిన పైరును చూచి ఏడ్చువాడు వాడే. కార్డు మాత్రము పట్టాదారు పాసుపుస్తకమున్నవానికి! 2011లో నొక శాసనము కౌలురైతునకు గుర్తింపు కార్డు నిచ్చెను. 2019 నాటి శాసనము పంటసాగుదారు హక్కు పత్రమును పదునొకండు నెలలకు ఇచ్చెను గాని, దానికి భూస్వామి సంతకము కోరెను. సంతకము చేసినచో భూమి చేయిజాఱునని భూస్వామి భయము. ఆ సర్వే నంబరుపై యజమాని అప్పు ముందే యున్నదని బ్యాంకు సాకు. తగిన కార్డును ఎన్నుకొమ్మని ఇట్టివానికి బోధించుట పరిహాసమగును. నూటికి మూడున్నర కార్డో, ఊరి వడ్డీయో తప్ప వానికి వేఱు దారి లేదు.

పొలములో ఏ పైరున్నదో, దానిని సాగుచేయువాడెవడో ఈ-క్రాప్ పేర ప్రభుత్వమే నమోదు చేయుచున్నది. ఆ నమోదునే ఆధారముగ గైకొని, భూస్వామి సంతకముతో నిమిత్తము లేకుండ, పైరు పూచీపై గుత్తరైతునకు కిసాన్ కార్డు ఇవ్వవలెనని మేము కోరుచున్నాము. విత్తు వేయకమున్నే ఈ-క్రాప్ ఉండదని బ్యాంకులవారు అనవచ్చును. గత యేటి నమోదు వారి యెదుటనే యున్నది. తొలకరికి ముందు దానిని చూచి సగము నిచ్చి, ఈ యేటి నమోదు కాగానే తక్కిన సగమును ఇయ్యవచ్చును.