సాయంత్రం నాలుగున్నరకు మందిరం గేటు తెరిచి ఉందా?

సాయంత్రం నాలుగున్నర. బడి గంట కొట్టారు. పిల్లలు ఇళ్లకు చేరారు. అమ్మ మిరప కోతలోనో, పత్తి చేలోనో, ఇటుక బట్టీలోనో ఉంది. నాన్న మేస్త్రీ పనికి పోయి ఇంకా రాలేదు. పొయ్యి వెలిగేసరికి ఏడున్నర దాటుతుంది. మధ్యాహ్నం బడిలో తిన్న అన్నమే అప్పటిదాకా ఆధారం. ఈ మూడు గంటలు ఆ బిడ్డ ఎక్కడ ఉంటాడు? ఏమి తింటాడు? ఎవరితో తిరుగుతాడు? మన పేటల్లో, కాలనీల్లో ప్రతి చోటా ఒక మందిరం ఉంది. ఆదివారం ఉదయపు ఆరాధనతో పాటు ఈ మూడు గంటల లెక్క కూడా ప్రభువు మనలను అడుగుతాడేమో అన్న ప్రశ్నను ఈ వారం సంఘము ముందు పెడుతున్నాము.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకంటే, ఇంతకాలం దానికి జవాబు చెప్పినవారు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. కంపాషన్ సంస్థ స్థానిక సంఘాల ద్వారానే పిల్లల కేంద్రాలు నడిపేది. బడి తరువాత భోజనం, చదువు, ఆటలు, వాక్యం అన్నీ మందిరం ఆవరణలోనే జరిగేవి. 2017 మార్చిలో ఆ సంస్థ భారతదేశంలో పని ముగించినప్పుడు దేశమంతటా లక్షా నలభై వేలకు పైగా పిల్లలకు ఆ తోడు ఆగిపోయింది. 2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియాకు విదేశీ విరాళాల అనుమతి రద్దయింది. 2025లో అనంతపురం రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు అనుమతి పునరుద్ధరణ నిలిచిపోతే, పార్టీలకు, మతాలకు అతీతంగా జనం రోడ్డెక్కారు.

చట్టం మారిన తీరు కూడా తెలుసుకోవాలి. 2020 సవరణ తరువాత, విదేశీ విరాళం పొందిన సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదు. కార్యాలయ ఖర్చుల పరిమితి 50 శాతం నుండి 20 శాతానికి తగ్గింది. విరాళాలన్నీ ముందుగా ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలో జమ కావాలి. పెద్ద సంస్థలు వీటికి తట్టుకోగలిగాయి. దెబ్బ తగిలింది పల్లెలోని చిన్న పరిచర్యలకు. పెద్ద సంస్థ ద్వారా ఏటా కొంత సొమ్ము అందుకుని ముప్పై మంది పిల్లలకు సాయంత్రం అన్నం పెట్టిన సంఘానికి ఆ దారి మూసుకుపోయింది. ఈ నిబంధనలు సరైనవా కావా అన్న వాదన కోర్టుల్లోనూ పార్లమెంటులోనూ సాగనివ్వండి. ఆ తీర్పు వచ్చేదాకా బిడ్డ ఆకలి ఆగదు.

అనంతపురం ఉదాహరణను కాస్త నిలిచి చూద్దాము. ఒకప్పుడు జెస్విట్ సభ్యుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరువు నేలకు వచ్చారు. 2009లో కన్నుమూసేవరకు అక్కడే ఉన్నారు. బావులు, ఇళ్లు, బడులు, ఆసుపత్రులు అన్నీ కట్టిన తరువాత, ఆ ట్రస్టు ఆట మైదానాలు కూడా కట్టింది. కరువు సీమలో క్రికెట్ మైదానం దేనికని అప్పట్లో ఎవరైనా అడిగి ఉండవచ్చు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆ మైదానంలోనే జరిగాయి. ఆ జిల్లా పల్లె నుండి వచ్చిన బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ పర్యటనలో భారత జట్టుకు ఆడింది. 2010లో రఫేల్ నడాల్ ఫౌండేషన్‌తో కలిసి అక్కడ మొదలైన టెన్నిస్ బడిలో పిల్లలకు ఆటతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు పాఠాలు, పౌష్టికాహారం కూడా అందుతాయి. ఆటను, చదువును, ఆహారాన్ని వేర్వేరు పథకాలుగా చూడలేదు, ఒకే బిడ్డ అవసరాలుగా చూశారు. ఆ ట్రస్టు మత సంస్థ కాదు, అన్ని మతాల పేదలకూ పని చేస్తుంది. అయినా సంఘము దాని దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. మరో పాఠం కూడా ఉంది. విదేశీ దాతల మీదే ఆధారపడకుండా, ఇండియా ఫర్ ఇండియా పేరుతో ఇంటింటికీ హుండీలు ఇచ్చి పల్లె జనం చేతనే ఇప్పించే ప్రయత్నాన్ని ఆ ట్రస్టు ముందే మొదలుపెట్టింది. పుచ్చుకున్న చేతులే ఇచ్చే చేతులయ్యాయి.

“మనది ఆత్మల పని, ఆటలు లోకసంబంధమైనవి” అనే పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. వారి మీద గౌరవంతోనే ఒక చరిత్ర గుర్తు చేస్తున్నాము. సాయంత్రం మన పల్లె కుర్రాళ్లు వల కట్టి ఆడే వాలీబాల్ 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణపు వై.ఎం.సి.ఎ.లో పుట్టింది. బాస్కెట్‌బాల్ 1891లో స్ప్రింగ్‌ఫీల్డులోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో పుట్టింది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ దొర వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యాలయాన్ని ప్రారంభించారు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజరు ఆయనే. మిషనరీలు హైస్కూలు కట్టిన చోట పక్కనే మైదానం వదిలారు. ఆ మైదానాల్లో కొన్ని నేడు షాపింగ్ కాంప్లెక్సులయ్యాయి, కొన్ని కోర్టు వ్యాజ్యాల్లో ఉన్నాయి, కొన్నింటికి తాళాలు పడ్డాయి. ఆటను సంఘములోనికి కొత్తగా తేవడం లేదు. మన ఇంటి నుండి వెళ్లగొట్టినదానిని తిరిగి పిలుస్తున్నాము, అంతే. పౌలు తిమోతికి రాస్తూ శరీర సాధకానికి కొంచెం ప్రయోజనం ఉందన్నాడు. ఆ కొంచెమైనా మన బిడ్డలకు దక్కనివ్వమని అడుగుతున్నాము. యెరూషలేము తిరిగి కట్టబడే దినాన్ని జెకర్యా ప్రవక్త వర్ణించినప్పుడు వీధులనిండా ఆడుకునే మగపిల్లలను, ఆడపిల్లలను చూపించాడు (8:5).

మైదానం ఖాళీగా ఉంటే బిడ్డ ఖాళీగా ఉండడు. చేతిలో ఫోను ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ ఉచ్చు ఎంత దూరం పాకిందో అర్థం చేసుకోవచ్చు. గంజాయి కోసమే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఈగల్ పేరిట ప్రత్యేక పోలీసు విభాగాన్ని ఏర్పాటు చేసింది. పోలీసులు పట్టుకోగలరు. సాయంత్రం పూట బిడ్డకు వేరే దారి చూపించడం పోలీసుల పని కాదు.

ఇక ఆహారం సంగతి. ప్రభుత్వం తన వంతు చేయడం లేదని అనలేము. డొక్కా సీతమ్మ గారి పేరిట ఆంధ్రప్రదేశ్ బడుల్లో నడుస్తున్న మధ్యాహ్న భోజనం 2025 జనవరి నుండి జూనియర్ కాలేజీలకూ చేరింది. తెలంగాణ బడుల్లోనూ మధ్యాహ్నం అన్నం ఉంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో ముగ్గురిలో దాదాపు ఒకరు వయసుకు తగ్గ ఎత్తు లేరు. అలాంటి బిడ్డను సాయంత్రం గంటన్నర పరుగెత్తించి ఖాళీ కడుపుతో ఇంటికి పంపితే అది పరిచర్య కాదు. బంతి ఇచ్చే చేయి గుడ్డు కూడా ఇవ్వాలి.

డబ్బు ఎక్కడిది అంటారు. లెక్క వేద్దాము. ముప్పై మంది పిల్లలు, వారానికి మూడు రోజులు, తలకొక ఉడికించిన గుడ్డు. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే వారానికి 630, నెలకు సుమారు 2,700 రూపాయలు. మిగిలిన రోజుల్లో గుప్పెడు ఉడికించిన శనగలు, వేరుశనగ ఉండలు. వంద కుటుంబాల సంఘములో ఇంటికి నెలకు యాభై రూపాయలు వస్తే ఇవన్నీ జరుగుతాయి, వాలీబాల్ వలకు కూడా మిగులుతుంది. సువార్త సభలకు మనం కట్టే ఫ్లెక్సీలు, పెట్టే సౌండు బాక్సుల ఖర్చు పక్కన దీనిని ఉంచి చూడండి. శిష్యులు కూడా ముందు డబ్బు లెక్కే చెప్పారు. ప్రభువు ఆ లెక్క విని, వారి దగ్గర ఉన్నది తెమ్మన్నాడు.

అయితే జాగ్రత్తలు కొన్ని తప్పవు. మొదటిది, అన్నాన్ని ఎర చేయకూడదు. రొట్టెలు తిన్నందుకే వెదుకుతూ వచ్చినవారిని ప్రభువు మందలించాడు గాని, ఆకలిగొన్నవారికి పెట్టే ముందు వారి విశ్వాసమేమిటని అడగలేదు. ఏ మతపు బిడ్డ అయినా రావచ్చు, ప్రార్థనకు నిలబడాలన్న షరతు లేదు అన్న మాట పెద్దలు బహిరంగంగా చెప్పాలి, తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. మన మీద వచ్చే నిందలకు అదే జవాబు, అదే సువార్తకు గౌరవం.

రెండవది, పంక్తిలో తేడా ఉండకూడదు. కొరింథు సంఘములో ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తుడయ్యాడని పౌలు గద్దించాడు. మన మధ్య ఈ పేటవారు, ఆ పేటవారు అన్న గోడలు ఇంకా పడిపోలేదని దాచుకోనవసరం లేదు. ఒకే జట్టులో ఆడి ఒకే బల్ల దగ్గర తిన్న పిల్లలు ఆ గోడను పెద్దలకంటే త్వరగా దాటుతారు. ఆడపిల్లలకు కూడా అదే మైదానం, అదే సమయం ఉండాలి.

మూడవది, బిడ్డల భద్రత. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, వారిలో ఒకరు స్త్రీ అయితే మంచిది. పోక్సో చట్టం గురించి ప్రతి వాలంటీరుకూ తెలియాలి. ఏదైనా తప్పు జరిగితే సంఘము పరువు కోసం దాచడం నేరం, పాపం కూడా.

నాలుగవది, లెక్కలు. యెరూషలేము పేదల కానుకను తీసుకువెళ్లేటప్పుడు దేవుని దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలోనూ నింద లేకుండా పౌలు ఏర్పాటు చేసుకున్నాడు (2 కొరింథీ 8:20, 21). నెలనెలా జమా ఖర్చుల కాగితం నోటీసు బోర్డు మీద ఉండాలి. ఈ పని పాస్టరు గారి నెత్తిన వేయకండి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో భోజనపు బల్లల పనికి ఏడుగురిని వేరుగా ఎన్నుకున్నారు. మన స్త్రీల సమాజము, యవ్వనస్థుల సంఘము కలిసి ఏడుగురిని ఇవ్వలేవా?

ఒక సంఘము వల్ల రాష్ట్రమంతా మారదు. కంపాషన్ వదిలి వెళ్లిన ఖాళీని ఒక్క నెలలో నింపలేము. కాని మే నెల వి.బి.యస్.కు పది రోజులు పిల్లలతో కళకళలాడిన ఆవరణ మిగిలిన సంవత్సరమంతా తాళం వేసి ఎందుకు ఉండాలి? వచ్చే కమిటీ సమావేశపు అజెండాలో ఒక్క అంశం చేర్చండి. సాయంత్రం నాలుగున్నర నుండి ఏడు వరకు గేటు తెరవడానికి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? ఆ ఒక్క పేరు నిర్ణయమైతే బంతి, గుడ్డు, వల వాటంతట అవే వెతుక్కుంటూ వస్తాయి.