ఆకుకూరలు - అగపడని గ్రుడ్లు

జీడిమెట్ల పారిశ్రామికవాడలో దినమెల్ల శ్రమించి యిల్లు చేరు కార్మికుడు దారిలో నొక తోటకూర కట్టయు, నొక కొత్తిమీర కట్టయు కొనిపోవును. ఆకు వాడినదా, పురుగు కొట్టినదా యని చూచును. అంతకుమించి చూడగల నేత్రము వానికే కాదు, ఎవరికిని లేదు. ఏలికపాము గ్రుడ్డు మిల్లీమీటరులో 10వ వంతైన నుండదు. దాని పైపొర జిగటగలది. ఆకు ముడుతలను కఱచుకొనియుండి, ఒక్కమారు నీట ముంచి తీసినంతమాత్రమున వదలదు. బద్దెపురుగు గ్రుడ్డు మఱింత చిన్నది. పందిమాంసము ముట్టని శాకాహారికిని అది యాకుమీదుగా కడుపు చేరి, దాని పిల్ల మెదడున గూడుకట్టి మూర్ఛలు తెప్పింపగలదు.

ఈ గ్రుడ్లు మనుష్యుని మలమునుండి నీటికిని నేలకును, అచ్చటనుండి యాకునకును చేరును. నగరపు మురుగును మోయు మూసీ దిగువ గ్రామముల పొలములకు దశాబ్దులుగ నీరిచ్చుచున్నది. అచ్చటి సేద్యపు కుటుంబములను పరీక్షించి 2008లో ప్రకటించిన పరిశోధనలో, శుద్ధిచేయని మురుగుతో సాగుచేయువారికి పేగుపురుగుల బాధ యధికమని తేలినది. కావున రైతును నిందించుట న్యాయము కాదు. నగరము విడిచిన నీరే యాతనికి దొరకిన నీరు. మొదట రోగము పాలగువాడును ఆతడే. అంగడివారును చేతులు దులుపుకొనరాదు. పాకిస్తానములోని ఫైసలాబాదున జరిగి 2007లో వెలువడిన పరిశోధనలో, మురుగునీటి పొలమున కోసిన కూరలకంటె అంగడిలోని కూరలయందే గ్రుడ్లెక్కువగా కానవచ్చినవి.

కనుగొనుట కష్టమా? కాదు. తూచిన యాకును కొద్దిగ సబ్బు కలిపిన నీటిలో బాగుగ నాడించి, ఆ నీటిని నిలువబెట్టి, అడుగున పేరిన మడ్డిని యంత్రమున గిరగిర త్రిప్పి, జింకు సల్ఫేటు ద్రావణమున కలిపినచో గ్రుడ్లు పైకి తేలును. వానిని సూక్ష్మదర్శినిక్రింద లెక్కింపవచ్చును. టాక్సోప్లాస్మా వంటి వానికి మాత్రము పి.సి.ఆర్. పరీక్ష వలయును. అయితే ఒక నమూనాలో గ్రుడ్డు కనబడనంతనే ఆకు నిర్దోషియని తీర్పు చెప్పరాదు. సాక్ష్యము దొరకకుండుట వేఱు, నేరము లేకుండుట వేఱు. న్యాయస్థానము లెఱిగినవారి కిది క్రొత్త సంగతి కాదు. కనుకనే పరీక్ష పదేపదే జరుగవలెను.

2015 నుండి ప్రభుత్వము బాలబాలికలకు ఆల్బెండజోలు మాత్రలిచ్చుచున్నది. మంచిదే. కడుపులోని పురుగును చంపి, కంచములోని గ్రుడ్డును విచారింపకుండుట యేమి వైద్యము? ఉడికిన కూరకు భయము లేదు. పచ్చిగ తిను కొత్తిమీర, పుదీనాలను ఆకాకు విప్పి, పారు నీటిలో రుద్ది కడుగుడని గృహిణులకు మా మనవి. ఉప్పునీరు గ్రుడ్లను చంపునని నమ్మరాదు.

నమూనాలు తీయు నధికారమును 2006 నాటి ఆహారభద్రతా చట్టమిచ్చినది. నాచారమున రాష్ట్ర ఆహార ప్రయోగశాల కలదు. కూకటపల్లి రైతుబజారునందును, జీడిమెట్ల చుట్టుపట్ల కూరల అంగళ్లయందును నెలకొకమారు నమూనాలు తీసి, కనబడిన గ్రుడ్ల సంఖ్యను ధరల పట్టిక ప్రక్కనే తెలుగునను ఉర్దూనను వ్రాసి వ్రేలాడదీయవలెనని కోరుచున్నాము. రైతుపై కేసు పెట్టుటకు కాదు. ఏ కాలువ నీటిని ముందుగ శుద్ధిచేయవలెనో తెలియుటకు.