ప్రతి రాసినవాడు దొంగా?



మొన్న బంధువుల ఇంట పెళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన ఒక యువకుడు పదిమంది ఎదుట నన్ను నిలదీశాడు. "మాస్టారూ, ముప్పై ఏళ్ళు పిల్లలకు శతకాలు బోధించిన మీరే ఇంట్లో దొంగ ఆటలు పెట్టుకున్నారట!" నా అపరాధమల్లా పాత వీడియో గేమ్‌లో ఫ్లాష్ కార్ట్రిడ్జి పెట్టి మనవడి చేత ఆడించడం. విస్తళ్ళ ముందు వాదులాట మర్యాద కాదని ఊరుకున్నానే గాని ఒప్పుకోలేదు.

మాది పాతబస్తీలో ఉప్పుగూడ. 1995లో సెగా వారి ఆటయంత్రాన్ని షా వాలెస్ కంపెనీ మన దేశంలో 18,000 రూపాయలకు అమ్మింది. తెలుగు పండితుడినైన నాకు అది నెలల తరబడి జీతం. మా అబ్బాయి పోరు పడలేక జపాను ఫామికామ్‌కు నకలైన చౌకరకం యంత్రం కొన్నాను. దానితో ఒక క్యాసెట్టు (కార్ట్రిడ్జి అన్న మాట మా ఇంట అప్పుడెవరికీ తెలియదు). పైన 9999 ఆటలని అచ్చు. లోపల ఉన్నవి ఏడో ఎనిమిదో, తక్కినవన్నీ వాటికే మారువేషాలు. మారియో మొదటి తెర మీద ఉండవలసిన నింటెండో పేరూ, 1985 అన్న సంవత్సరమూ చెరిపివేసి ఉన్నాయని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

2020 అక్టోబరు వరదలో మా ఇంట నడుములోతు నీరు. యంత్రాన్ని షాలిబండలో రేడియోలు బాగుచేసే పెద్దాయన బతికించారు. క్యాసెట్టును మాత్రం తిప్పి చూసి, "మాస్టర్ సాబ్, ఇస్మే జాన్ నై" అని పెదవి విరిచారు. అటుపైన మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చినదే ఈ ఫ్లాష్ కార్ట్రిడ్జి. ఇందులో ఆట స్థిరంగా ముద్రితమై ఉండదు. చిన్న మెమరీ కార్డులోని దస్త్రాన్ని చదివి, అసలు క్యాసెట్టు ఎలా బదులు పలికేదో అలాగే యంత్రానికి బదులు పలుకుతుంది. ఆనాటి ఆటలెంత చిన్నవంటే, మారియో మొత్తం 40 కిలోబైట్లు. యూనికోడ్ తెలుగులో అక్షరానికి మూడేసి బైట్లు కదా, ఇలాంటి టపాలు మూడు నాలుగు కలిపితే అంత!

ఇక చట్టం. మన కాపీరైటు చట్టం 52వ సెక్షను, కంప్యూటరు ప్రోగ్రామును న్యాయంగా పొందినవాడు అది పాడవుతుందన్న భయంతో ప్రతి తీసుకోవచ్చునంటుంది. ఆ గొడుగు నా తలమీదికి రాదు. నా క్యాసెట్టే నకలు. ఒప్పుకుంటున్నాను. మారియోను కూడా సమర్థించను. దాన్ని నింటెండో నేటికీ చందాదారులకు అందిస్తున్నది, కావలసినవారు కొనుక్కోవలసిందే. కాని తక్కినవాటి మాటేమిటి నాయనా? అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో నూటికి 87 అంగట్లో దొరకడం లేదని తేలింది. ఆ ఏడాది మార్చిలోనే నింటెండో తన రెండు పాత యంత్రాల అంగళ్ళు మూసివేసింది. గ్రంథాలయాలు ఇలాంటి ఆటలను దూరాన ఉన్న పరిశోధకులకు చూపిస్తామంటే 2024లో అమెరికా కాపీరైటు కార్యాలయం కుదరదన్నది. అమ్మరు, చూపనివ్వరు, ప్రతి తీసినవాణ్ణి మాత్రం దొంగ అంటారు. ఇది ఏ శతకంలోని నీతి?

తాటాకుకు చెద శత్రువు, తేమ శత్రువు. తరానికొకడు కూర్చుని ప్రతి రాయబట్టి కదా మన కావ్యాలు మిగిలాయి! కడపలో బ్రౌన్ దొర సొంత సొమ్ముతో పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించాడు. వారిలో ఎవరినైనా దొంగ అన్నామా? అయితే ఆ లేఖకులకు ఒక ధర్మం ఉండేది. ఆశ్వాసాంత గద్యలో కవి పేరూ తండ్రి పేరూ ఉంటాయి. వాటినీ పోకుండా దించారు. చివర తప్పులుంటే మన్నించమని వేడుకున్నారు. చెరిపేసింది లేదు.

మరి నేడు పదివేల ఆటలంటూ చౌకగా అమ్ముతున్న పెట్టెలను చూడండి. కర్త పేరు లేదు, ఊరు లేదు. వచ్చిన సొమ్ము మాత్రం అమ్మినవాడిది. కావ్యచోరుడన్న బిరుదు వీళ్ళకు తగును. ఆ యువకుడు వీళ్ళ ఊసెత్తలేదు. (వాళ్ళింట టీవీ కింద అలాంటి పెట్టె ఒకటి ఉండడం నేను చూశాను. అదీ పెళ్ళిలో అనలేదు.)

నా కార్డులో ఉన్నవి ముప్పై ఎనిమిది ఆటలు. మా అబ్బాయి అక్కడ పాత సామాన్ల అంగట్లో కొన్న అసలు క్యాసెట్ల నుంచి తీసినవి కొన్ని, అంతర్జాలంలో దొరికినవి కొన్ని. ప్రతిదానికీ తయారుచేసినవారి పేరు, సంవత్సరం నోటుపుస్తకంలో రాసి పెట్టాను. మనవడు ఆట మొదలుపెట్టే ముందు ఆ పంక్తి పైకి చదవాలన్నది మా ఇంటి షరతు. రెండింటికి మాత్రం కర్తలెవరో ఇంకా తెలియలేదు. ఆ రెండు గళ్ళూ ఖాళీగా ఉంచాను.