పరీక్ష లేదని పాఠం మానవచ్చునా?

సంక్రాంతికి గాలిపటం కొనిస్తే పొంగిపోయే పిల్లలు నేడు డ్రోన్ కావాలని కోరుతున్నారు. పుట్టినరోజు కానుకగా దానిని కొనిచ్చే తల్లిదండ్రులు మన టౌన్‌షిప్పులలోనూ కనిపిస్తున్నారు. కొనేముందు ధర విచారించేవారు ఎక్కువ, నిబంధన విచారించేవారు తక్కువ. అందుచేత ఈ నెల ఈ శీర్షికలో ఆ నిబంధనలను గురించి ముచ్చటించుకుందాము.

మన దేశంలో డ్రోన్ల వినియోగాన్ని క్రమబద్ధం చేసే నియమావళి 2021 ఆగస్టులో వెలువడింది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అనగా డి.జి.సి.ఎ., దీనిని అమలు చేస్తుంది. ఈ నియమావళి డ్రోన్లను బరువును బట్టి ఐదు తరగతులుగా విభజించింది. 250 గ్రాములకు మించనివి నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్నవి, 150 కిలోల వరకు మధ్యస్థమైనవి, ఆపైన పెద్దవి. సరదా కోసం ఎగురవేసేవి సాధారణంగా మొదటి రెండు తరగతులలోనివే. బరువు అనగా బ్యాటరీ, కెమెరాలతో సహా ఎగిరే సమయానికి ఉండే మొత్తం బరువు. 249 గ్రాముల డ్రోన్‌కు చిన్న దీపం తగిలించినా తరగతి మారిపోవచ్చును.

వాహనానికి నంబరు ఉన్నట్లే డ్రోన్‌కు విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. నియమావళి ప్రకారం దీనికి రుసుము 100 రూపాయలు. డ్రోన్‌ను అమ్మినా, బంధువులకు బహూకరించినా ఆ మార్పును కూడా నమోదు చేయించవలసి ఉంటుంది. నానో తరగతికి తప్ప మిగిలిన వాటికి తృతీయపక్ష బీమా అవసరం. నియమాలను ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును.

ఇక నడిపేవారి సంగతి. రిమోట్ పైలట్ ధ్రువపత్రం పొందగోరేవారు 18 నుండి 65 సంవత్సరాల మధ్య వయస్సు కలిగి, పదవ తరగతి ఉత్తీర్ణులై, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొంది పరీక్షలో నెగ్గాలి. కాని నానో డ్రోన్ నడిపేవారికి, వాణిజ్యేతర అవసరాలకు మైక్రో డ్రోన్ నడిపేవారికి ఈ ధ్రువపత్రం అక్కరలేదు. అనగా మన ఇంట్లో డ్రోన్ ఎగురవేసే పిల్లవానికి ఏ పరీక్షా లేదు. సామాన్యునికి ఇది వెసులుబాటే. అయితే పరీక్ష లేదన్న మాటను తెలుసుకోవలసినదేమీ లేదన్న మాటగా భావించడంలోనే ప్రమాదమున్నది.

ఇతర దేశాలు ఈ విషయంలో వేరొక మార్గం ఎంచుకున్నాయి. 2018 డిసెంబరులో డ్రోన్లు కనిపించాయన్న సమాచారంతో లండన్ సమీపంలోని గాట్విక్ విమానాశ్రయంలో రాకపోకలు స్తంభించి, లక్షకు పైగా ప్రయాణికులు ఇక్కట్ల పాలయ్యారు. 2019 నవంబరు నుండి బ్రిటన్‌లో 250 గ్రాములు, అంతకు మించిన డ్రోన్లు నడిపేవారు, బాలబాలికలు సైతం, ఒక పరీక్షలో ఉత్తీర్ణులు కావలసి వచ్చింది. 2026 జనవరి 1 నుండి ఆ పరిమితిని 100 గ్రాములకు తగ్గించారు. అమెరికాలో 2015లో ప్రవేశపెట్టిన రిజిస్ట్రేషన్‌ను సరదా డ్రోన్ల విషయంలో 2017 మే నెలలో న్యాయస్థానం కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో చట్టం ద్వారా దానిని పునరుద్ధరించారు. 2021 నుండి అక్కడ అభిరుచి కొద్దీ ఎగురవేసేవారందరికీ ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష ఉన్నది. తప్పు జవాబిస్తే అది ఎందుకు తప్పో వివరించి మళ్ళీ అడుగుతారు. అభ్యర్థులను వడపోయడం కాక, పాఠం చెప్పడమే దాని ఉద్దేశం. అక్కడ ఉంటున్న మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది.

ఇంత చిన్న వస్తువుకు ఇంత హడావుడి ఎందుకని సందేహం కలగవచ్చును. చిన్న లెక్క చూద్దాము. 250 గ్రాముల డ్రోన్ 120 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు దానిలోని స్థితిశక్తి సుమారు 294 జౌళ్ళు. 30 కిలోల బియ్యం బస్తాను ఒక మీటరు ఎత్తుకు లేపితే దానిలో చేరే శక్తి కూడా అంతే. 2 కిలోల డ్రోన్ అయితే ఇది ఎనిమిది రెట్లు. పడేటప్పుడు గాలి నిరోధం కొంత శక్తిని హరిస్తుంది, నిజమే. కాని మిగిలిన శక్తి బస్తాలా పరచుకొని కాక, ఒక్క చోట తాకుతుంది. కింద ఉన్నది ఎవరి తల అన్నది డ్రోన్‌కు తెలియదు.

కనుక ప్రభుత్వం పెట్టని పరీక్షను ఇంట్లో మనమే పెట్టుకుందాము. రిమోట్ చేతికిచ్చే ముందు పిల్లలను ఈ ప్రశ్నలు అడగండి. డ్రోన్ మొత్తం బరువెంత? ఇక్కడి గగనతలం ఏ రంగు మండలం? ఆకుపచ్చ మండలంలో 120 మీటర్ల వరకు అనుమతి అక్కరలేదు. పసుపు, ఎరుపు మండలాలలో ముందస్తు అనుమతి తప్పనిసరి. విమానాశ్రయ ప్రహరీకి 8 నుండి 12 కిలోమీటర్ల నడుమ ఈ స్వేచ్ఛ 60 మీటర్ల వరకే. 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేనిదే ఎగురవేయరాదు. పటాన్ని ఈరోజు చూశావా? నిన్న లేని ఆంక్ష నేడు ఉండవచ్చును. డ్రోన్ కంటికి కనిపించేంత దూరంలోనే ఉంటుందా? బ్యాటరీలో తిరిగి వచ్చేందుకు సరిపడా ఛార్జి ఉన్నదా? కింద మనుషులు, పక్కన విద్యుత్ తీగలు ఉన్నాయా? విమానమో హెలికాప్టరో వస్తే ఏమి చేస్తావు? అన్నింటికీ జవాబు వచ్చిన తరువాతనే ఎగురవేయనివ్వండి.

కర్మాగారంలో హెల్మెట్ లేకుండా లోనికి అడుగుపెట్టము. ఆ అలవాటు గేటు దాటగానే ముగియరాదు. పిల్లల ఉత్సాహానికి అడ్డు చెప్పనవసరం లేదు. నేడు మైదానంలో డ్రోన్ నడిపే చేతులే రేపు విమానాలకు రూపకల్పన చేయవచ్చును. ఆ చేతులకు మనం అందించవలసిన మొదటి పరికరం జాగ్రత్త.