గుడ్లు సరే.. మేతేదీ?

సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన ఊరు బెంగళూరు. అయినా ఇక్కడి అపార్ట్‌మెంట్లలో సముద్రం ఉంది. గాజు తొట్టెలో మంచినీళ్లు పోసి, ఉప్పు కలిపి తయారుచేసుకున్న సముద్రం! అందులో నారింజ రంగు ఒంటిపై మూడు తెల్ల పట్టీలతో తిరిగే క్లౌన్‌ ఫిష్‌ లేకపోతే పిల్లలు ఒప్పుకోరు. 2003లో ‘ఫైండింగ్‌ నెమో’ సినిమా వచ్చాక ఆ చేపకు అసలు పేరే పోయింది. దుకాణంలో ‘నెమో’ అంటే చాలు.

జంటను తెచ్చి బాగా చూసుకుంటే ఏడాది, ఏడాదిన్నరకు గుడ్లు పెడతాయి. ఇంటిల్లిపాదికీ సంబరం. ఫొటోలు నెల్లూరులోనో, మదనపల్లెలోనో ఉన్న తాతయ్య దాకా వెళ్తాయి. వారం దాటాక ఓ రాత్రి వందలకొద్దీ పిల్లలు నీళ్లలోకి వస్తాయి. మూడు నాలుగు రోజులు గడిచేసరికి ఒక్కటీ మిగలదు. నీళ్లు బాగాలేవని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు. చాలా ఇళ్లలో అసలు కారణం అంతకంటే చిన్నది. వాటికి పెట్టడానికి ఇంట్లో తిండి లేదు.

ఇంట్లో నెమోలను పొదిగించడం మంచి పనే. కానీ మేత సిద్ధం చేసుకోకుండా గుడ్ల కోసం ఎదురుచూడటం విస్తళ్లు వేశాక ఎసరు పెట్టడం లాంటిది.

జంట కుదర్చడం కష్టమేమీ కాదు. ఈ చేపలు ముందు మగవిగానే ఎదుగుతాయి. రెండు చిన్నవాటిని కలిపి పెంచితే, వాటిలో పెద్దదై దబాయించేది ఆడదవుతుంది. రెండోది మగదిగా ఉండిపోతుంది. ఆడది చనిపోతే మగదే ఆడదిగా మారుతుంది. ఈ లెక్కన సినిమాలో తల్లి పోయాక నెమో నాన్న అమ్మగా మారిపోవాలి మరి! ఈ సంగతి పిల్లలకు చెప్పాలో వద్దో పెద్దల ఇష్టం. సముద్రంలో ఇవి అనిమోన్‌ అనే పువ్వులాంటి జీవి మధ్య కాపురం ఉంటాయి. ఇంట్లో గుడ్లు పెట్టడానికి మాత్రం అది అక్కర్లేదు. మట్టికుండీ బోర్లించినా, చిన్న టైల్‌ ముక్క ఆనించినా సరిపోతుంది. పెంచడం కష్టమైన అనిమోన్‌ను వేలు పోసి కొనడం శుద్ధ దండగ.

గుడ్ల కాపలా మగచేపదే. రెక్కలతో విసురుతుంది, పాడైనవాటిని ఏరేస్తుంది. 27, 28 డిగ్రీల వెచ్చదనంలో ఏడెనిమిది రోజులకు గుడ్లలో వెండిరంగు కళ్లు మెరుస్తాయి. ఆ రాత్రి లైటు తీసేశాక గంటా రెండు గంటల్లో పిల్లలు బయటపడతాయి. పెద్ద తొట్టెలోనే వదిలేస్తే ఫిల్టరు లాగేస్తుంది, లేదా పెద్దచేపలు మింగేస్తాయి. అందుకే ఆ సాయంత్రమే టైల్‌ను అదే నీళ్లున్న వేరే తొట్టెలోకి మార్చి, గుడ్ల పక్కన సన్నగా గాలి బుడగలు వదలాలి. ఇక్కడిదాకా అందరికీ వచ్చేస్తుంది.

కష్టమంతా తెల్లారాక మొదలవుతుంది. పిల్ల పొడవు నాలుగు మిల్లీమీటర్లు. దాని నోట్లో పొడి మేత పట్టదు. పట్టినా, కదలనిదాన్ని అది తిండిగా చూడదు. దానికి కావాల్సింది రోటిఫర్లు. మిల్లీమీటరులో చిన్న వంతే ఉండే ఈ జీవులను ఉప్పునీటి బకెట్లో ముందే పెంచుకోవాలి. వాటికి మళ్లీ ఆకుపచ్చ నాచు నీళ్లు కావాలి. అంటే గుడ్లకు ముందే నాచు, నాచు వెనక రోటిఫర్లు. వారం రోజులకు ఆర్టీమియా పిల్లలను అలవాటు చేయాలి. పది, పదిహేను రోజులకు తెల్ల పట్టీ కనిపించిందంటే గండం గట్టెక్కినట్టే.

ఆర్టీమియా అంటే తీరాంధ్ర వాళ్లకు వివరించక్కర్లేదు. విశాఖ నుంచి నెల్లూరు దాకా రొయ్య హేచరీల్లో డబ్బాలు విప్పి, ఉప్పునీటిలో గాలి కొట్టి, మర్నాటికల్లా పొదిగించడం రోజువారీ పని. నాచు పెంపకమూ అంతే. ఆ హేచరీల్లో పనిచేసిన బంధువు ఒక్కరున్నా వీడియోలు చూడటం కంటే ఓ ఫోను కొట్టడం మేలు. బెంగళూరు తెలుగు ఇళ్లకు ఇంతకు మించిన గురువు దొరకడు.

నీళ్ల సంగతీ ఉంది. లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. బోరునీటి గట్టిదనం, కుళాయి నీటి క్లోరిన్‌ పోవాలంటే చాలామంది ఆర్‌ఓ పెడతారు. లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు మోరీలో కలుస్తాయి. 2024 మార్చిలో తాగునీటితో కారు కడిగితే రూ.5 వేలు జరిమానా అని జలమండలి ప్రకటించిన నగరమిది. ఆ వదిలే నీటిని బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడని వాళ్లు ఈ సరదా జోలికి పోకపోవడమే మంచిది.

‘నెలకింత సంపాదన’ అనే మాటను మాత్రం నమ్మొద్దు. పిల్ల అమ్మకానికి రావాలంటే మూడు నాలుగు నెలలు మేపాలి. కరెంటు, ఉప్పు, చేతిచాకిరీ లెక్కేస్తే మిగిలేది కొంచెమే. ఈమూ పక్షుల వెంటపడి చేతులు కాల్చుకున్న ఊళ్లు మన వైపు ఇంకా మరిచిపోలేదు.

మరి ఇంత తంటా ఎందుకంటే, అక్వేరియంలో కనిపించే సముద్రపు చేపల్లో ఎక్కువ రకాలు ఇప్పటికీ పగడపు దిబ్బల నుంచి పట్టుకొచ్చినవే. ఫిలిప్పీన్స్‌, ఇండోనేషియాల్లో సైనైడ్‌ చల్లి మత్తెక్కించి పట్టిన చరిత్ర ఉంది. తొట్టెలో పుట్టించగలిగిన కొద్ది రకాల్లో నెమో ఒకటి. మన దేశంలోనూ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపల హేచరీ పద్ధతిని ఎప్పుడో తయారుచేసింది. తొట్టెలో పుట్టింది దొరుకుతుంటే, దిబ్బ మీద నుంచి తెచ్చినదాన్ని కొనడానికి సాకు లేదు. దుకాణంలో ‘ఇది ఎక్కడ పుట్టింది’ అని అడగాలి. జవాబు రాకపోతే బయటికొచ్చేయాలి. నలుగురు అడిగితే అయిదోసారికి దుకాణదారే బోర్డు పెడతాడు.

ఇప్పటికే గుడ్లు పోగొట్టుకున్న ఇళ్లవాళ్లు దిగులుపడక్కర్లేదు. కుదిరిన జంట రెండు మూడు వారాల్లో మళ్లీ పెడుతుంది. బాల్కనీలో నాచు బకెట్టు పెట్టడానికి ఆ వ్యవధి చాలు.