దిద్దడమా, మార్చడమా?

'పరిష్కరణ'ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడల్లా నాకు ఎవరితోనో ఒకరితో తగాదా తప్పడం లేదు. 'ఎమెండ్' అంటే పాఠంలో దొర్లిన తప్పును దిద్దడం. 'ఆల్టర్' అంటే ఉన్నదాన్ని మార్చేయడం, దర్జీ దగ్గర మనం చేయించుకునే ఆల్టరేషన్ లాగే. అక్కడ తప్పుందా లేదా అన్న విచారణే లేదు. ఈ తేడా పట్టించుకోవడం చాదస్తమట!

ముద్దుపళని 'రాధికా సాంత్వనము' సంగతే చూడండి. 1887 ముద్రణలో పీఠిక పద్యాలు ఎగిరిపోయాయి. తన ఇంటి ఆడవాళ్ల సాహిత్య వారసత్వాన్ని ఆమె చెప్పుకున్న పద్యాలవి. శృంగారం ఎక్కువైందని కొన్ని పద్యాలు తీశారంటే, ఆ నెపమైనా వినొచ్చు. నాయనమ్మను తలుచుకోవడంలో ఏ అశ్లీలం కనిపించింది? ఏ తప్పు దిద్దినట్టు?

బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, అచ్చు ప్రతితో పోల్చి, పోయినవాటిని చేర్చి 1910లో పూర్తి పాఠం వేయించింది. ఎమెండ్ అనాల్సింది ఆ పనిని. దానికి దక్కిన బహుమానం బ్రిటిష్ ప్రభుత్వ నిషేధం!

మన పరిశోధనా వ్యాసాల్లో మాత్రం కత్తిరించినవారూ, అతికించినామే ఇద్దరూ 'ఎడిట్' చేసినవాళ్లే. సమానత్వం ఇక్కడ భలే పాటిస్తాం. నా అనువాదంలో మొదటి పనికి 'ఆల్టర్' అని రాస్తే, 'కటువుగా ఉంది, రివైజ్ అనండి' అని సమీక్షకులు మార్జిన్‌లో సలహా ఇచ్చారు. మార్చలేదు.