రంధ్రము వేరు, గవాక్షము వేరు

గత వేసవిలో మా విద్యార్థి యొకడు తన చాచాగారి పాత అంబాసిడర్ కారును కళాశాల వాకిటికి తెచ్చి నిలిపినాడు. బానెట్‌పై, ముందు అద్దమునకు జానెడు దూరములో, రెండు పెద్ద గాలిదారులు కోయించి, వానిపై నల్లని మూతలు బిగించియున్నవి. “సార్, ఇక ఇంజను వేడెక్కదు” అని అతడు ఎంతో సంతోషముతో పలికినాడు. మేము తెలుగు బోధించువారము. యంత్రశాస్త్రము మా విషయము కాదు. కనుక అభినందించి ఊరకున్నాము.

వారము దినములు తిరుగకమునుపే ఆ కారు దోర్నాల నుండి శ్రీశైలము పోవు ఘాట్ మార్గములో మునుపటివలెనే పొగలు కక్కి నిలిచిపోయినది. ఆపై తొలకరి వాన కురిసిననాడు ఆ గాలిదారులలోనుండి నీరు కారి, డిస్ట్రిబ్యూటరు తడిసి, ఇంజను నడిరోడ్డుపై ఆగిపోయినది. అది విలాసమునకు ఉంచుకొన్న వాహనము కాదు. దాని కిరాయిపై ఒక కుటుంబము బ్రతుకుచున్నది. ఆ అబ్బాయి తలవంచుకొని వచ్చి “సార్, ఎక్కడ పొరపాటు జరిగింది?” అని అడిగినాడు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటలో మేము నేర్చుకొన్నదానిని విద్యార్థులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను పంచుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో స్థూలముగా మూడవ వంతు పొగగొట్టము వెంట పోవును. మరొక మూడవ వంతు చుట్టునున్న నీటికి చేరును. ఆ నీటి వేడిని గాలికి అప్పగించునది రేడియేటరు. అయితే రేడియేటరు గుండా గాలి పారవలెనన్న, ముందు జాలి తెరచియుండుట ఒక్కటే చాలదు. లోనికి వచ్చిన గాలి వెలుపలికి పోవుటకును దారి యుండవలెను. ఒక్క కిటికీ మాత్రమే యున్న గదిలోనికి ఎంత ఈదురుగాలియైనను జొరబడదు గదా! సామాన్యమైన కార్లలో ఈ వేడిగాలి ఇంజను క్రిందుగా పోవును. ఆ దారి ఇరుకైనచో బానెట్ లోపల ఒత్తిడి పెరిగి, రేడియేటరు గుండా వచ్చు గాలి తగ్గును. కావున బానెట్‌పై గవాక్షము పెట్టవలెనను ఆలోచనలో తప్పు లేదు. పూర్వపు ఫోర్డ్ మోడల్-టి కారు బానెట్ ప్రక్కలనే లూవర్లు, అనగా కిటికీ చెక్కలవంటి ఏటవాలు రెక్కలు, ఉండెడివి. 1960ల నాటి ఫోర్డ్ జి.టి.40 పందెపు కారులో రేడియేటరు వేడిగాలి ముందరి మూతపైనుండియే వెలుపలికి పోవునట్లు దారి చేసినారు.

మరి మన విద్యార్థి కారులో జరిగిన పొరపాటేమి? స్థానము. పరుగెత్తు కారుపై గాలి అంతటను ఒకే తీరున ఉండదు. బానెట్ ముందుభాగపు వంపుపై గాలి వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును. ముందు అద్దము మొదట గాలి అడ్డగింపబడి ఒత్తిడి పెరుగును. అందుచేతనే కారు లోపలికి గాలి తీసికొను రంధ్రములను తయారీదారులు చాల కార్లలో ఆ అద్దము మొదటనే అమర్చుదురు. అట్టిచోట కోసిన దారిలోనుండి, కారు వేగముగా పోవునపుడు, వేడిగాలి వెలుపలికి రాదు సరిగదా, బయటి గాలియే లోనికి దూరి ఎదురొత్తిడి కలిగించును. వెనుక అంచున వాషర్లు పెట్టి బానెట్‌ను ఎత్తి ఉంచువారికిని ఇదే వర్తించును. బండి నిలిచియున్నపుడు వేడి పైకి పోవుట నిజమే గాని, పరుగులో ఫలితము తలక్రిందులగును.

ఇది మేము పుస్తకమును నమ్మి చెప్పుచున్న మాట కాదు. భౌతికశాస్త్ర విభాగములోని మిత్రులొకరు యు-ఆకారపు గాజుగొట్టములో రంగునీరు పోసి, సన్నని రబ్బరు గొట్టములతో బానెట్ పైభాగమును, లోపలి భాగమును దానికి కలిపినారు. గంటకు 80 కిలోమీటర్ల వేగములో ఎదురుగాలి పూర్తి ఒత్తిడి సుమారు 30 మిల్లీమీటర్ల నీటి ఎత్తునకు సమానము. కనుక మార్పు కంటికి కనబడును. ముందుభాగమున కొలిచినపుడు నీరు ఒక వైపునకు, అద్దము మొదట కొలిచినపుడు రెండవ వైపునకు జరిగినది. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను కోతకు ముందే చేసియుండినచో ఆ బానెట్ దక్కెడిది.

మరొక సంగతియు తెలిసినది. ఒక వృద్ధ ఉస్తాదుగారు రేడియేటరు విప్పి చూపగా, గొట్టములలో సగము బోరునీటి సున్నముతో పూడిపోయియున్నవి. దానిని శుభ్రపరచి, వదులైన ఫ్యాను బెల్టు బిగించి, పాడైన మూత మార్చగా కారు ఘాట్ ఎక్కినది. అనగా రోగమొకచోట, శస్త్రచికిత్స మరొకచోట జరిగినదన్నమాట! రేడియేటరు, మూత, థర్మోస్టాటు, ఫ్యాను అన్నియు సరిగానున్న పిదపనే గవాక్షము మాట తలపెట్టవలెను. తలపెట్టినను, బానెట్ లోపలి ఉక్కు చట్రమును కోయరాదు. రెక్కలు వెనుకకు తెరచుకొనవలెను. వాననీరు ప్లగ్గులపై పడకుండ క్రింద తొట్టి అమర్చి నీటిని ప్రక్కకు పంపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను వాహనములలో చేయు మార్పులకు హద్దులు విధించినది. కావున రవాణా అధికారులను ముందుగా విచారించుట యజమాని ధర్మము.

ఇక అలంకారమునకై అంటించు ఉత్తుత్తి గవాక్షముల విషయము. వానిలో గాలి ఆడదు. చూచువారికి మాత్రము ఏదో ఘనకార్యము జరుగుచున్నట్లు తోచును. అర్థము తెలియక కంఠస్థము చేసిన సమాధానము వంటిది అది. అట్టి సమాధానములకు మార్కులు వేయు మేమును ఆ దోషములో భాగస్వాములమే.

అందుచే కమిటీ పెద్దలకు మాదొక విన్నపము. తుక్కు దుకాణములో దొరకు పాత బానెట్ ఒకటి, పాత రేడియేటరు ఒకటి, రెండు ఉష్ణమాపకములు, కళాశాల వెనుకనున్న ఖాళీ గది — ఇవి చాలును. నెలకు రెండుమార్లు ఒక ఉస్తాదుగారిని పిలిపించి, తగిన గౌరవ వేతనమిచ్చి, ఉర్దూ తెలుగు మాధ్యమముల విద్యార్థులను ఒకేచోట కూర్చుండబెట్టి, పని చూపించి కొలతలు వ్రాయింపవలెను.

దీనికి వచ్చు అభ్యంతరమును మేమెరుగుదుము. “మా పిల్లల చేతులకు నూనె మసి అంటకూడదనియే కదా వారిని కళాశాలకు పంపినాము! షెడ్డును మరల ఇక్కడికి తెత్తురా?” అని తండ్రులు అడుగుదురు. ఆ బాధ యథార్థమైనది. షెడ్డులో బాల్యము గడచినవారికే దాని బరువు తెలియును. చదువు మాన్పించి పిల్లలను షెడ్డులకు పంపుటను మేము ఎన్నటికిని సమర్థింపము. కాని డిగ్రీ చేతబట్టుకొని, ఇంటిలోని కారు ఎందుకు వేడెక్కుచున్నదో చెప్పలేని యువకుడును, నలువది ఏండ్లు కార్లు బాగుచేసి, తనకు తెలిసినదానిని నాలుగు వాక్యములలో వ్రాయలేని ఉస్తాదును మన పట్టణములో ఒకరినొకరు ఎరుగక బ్రతుకుచున్నారు. ఆ ఇరువురిలో ఎవరి విద్యయు సంపూర్ణము కాదు. వారిని కలుపుట కళాశాల చేయదగిన పని.

ఆ విద్యార్థి తన సంపాదనతో చాచాగారికి వేరొక బానెట్ కొనియిచ్చుటకు మూడు నెలలు సాయంకాలములు పనిచేసినాడు. కోసిన బానెట్‌ను మాత్రము తుక్కువారికి అమ్మక మా విభాగపు వరండాలో దాచినాడు. “సార్, ఈసారి ముందు కొలిచి, తరువాత కోస్తాను” అన్నాడు. ఆ ఖాళీ గది తలుపు తెరచుటకు కమిటీవారికి ఇంతకు మించిన సిఫారసు మేము చేయలేము.